కట్టకు అవతలి వైపు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గాని, మా ఊళ్ళో ఆ పేరు చెప్పి అడిగితే ఇల్లు చూపించేవాళ్ళు దొరకరు. చేపక్క అంటే మాత్రం ఎవరైనా చెరువు వైపు చెయ్యి చూపిస్తారు. పొద్దున్నే అయితే నీళ్ళలో ఉంటుంది, ఎండెక్కాక గట్టు మీది రేకుల గదిలో ఉంటుంది, సాయంత్రం మళ్ళీ నీళ్ళలోనే. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. ఒకసారి సొంత మేనత్తే వచ్చి, "చేపక్కా, బాగున్నావా?" అనేసి నాలిక్కరుచుకుంది.

చెరువంటే పెద్దదేం కాదు. కాగితాల్లో దాన్ని రిజర్వాయరు అని రాస్తారు. తాతల కాలంలో, దిగువన నడిచే నూలు మిల్లుకు నీళ్ళు కావాలని రెండు గుట్టల మధ్య మట్టికట్ట పోసి వాగును ఆపారు. మిల్లు ఎప్పుడో మూతపడింది. నీళ్ళు మాత్రం మిగిలాయి. ఊరికే ఉన్న నీళ్ళను చూస్తూ జనం ఊరుకోరు కదా! కట్ట మీద నడవడానికి బాట వేశారు, బాట పొడుగునా బెంచీలు వేశారు, హంస ఆకారంలో తొక్కే పడవలు తెచ్చారు. సెలవు రోజున సగం ఊరు అక్కడే ఉండేది.

పెళ్ళైన కొత్తలో చేపక్క కూడా అలాగే షికారుకొచ్చింది, భర్తతో. ఆయన దర్జీ. నెమ్మదస్తుడు, మాట్లాడేటప్పుడు కూడా నోట్లో గుండుసూదులు ఉన్నట్టే మాట్లాడతాడు. హంస పడవ తొక్కుతూ చెరువు మధ్యకు వెళ్ళాక గాలికి ఆమె టోపీ ఎగిరింది. అందుకోబోయి ఆమె నీళ్ళలో పడింది. ఇద్దరికీ ఈత రాదు. దర్జీ జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాడు. గట్టు మీద పడవలు అద్దెకిచ్చే ముసలాయన ఒక్క దూకు దూకి, జుట్టు పట్టుకుని ఆమెను ఒడ్డుకు లాక్కొచ్చాడు.

ఇంకొకరైతే ఆ తర్వాత చెరువు పేరెత్తితేనే వణికేవారు. ఆమె మర్నాడు పొద్దున్నే వెళ్ళి ముసలాయన ముందు నిలబడింది.

"తాతా, నాకు నేర్పు."

"ఏం నేర్పమంటావే?"

"నిన్న నువ్వు చేసింది."

ఆయన నవ్వి, "ముందు మునగడం మానెయ్, తర్వాత చూద్దాం," అన్నాడు. నేర్పాడు. ఆ ఏడు తిరిగేసరికి చెరువు ఈ చివర నుంచి ఆ చివరకు ఈది వచ్చేది. ముసలాయన పోయాక, నేర్చుకుంటామని వచ్చినవాళ్ళంతా ఆమె దగ్గరికే వచ్చారు.

ఆమె పద్ధతి వేరు. మొదటి రోజు చేతులూ కాళ్ళూ ఆడించనిచ్చేది కాదు. వెల్లకిలా పడుకోబెట్టి వీపు కింద అరచెయ్యి పెట్టేది. "నీళ్ళతో పోట్లాటేంటమ్మా? పడుకో. నేనున్నా కదా," అనేది. బిగుసుకున్న ఒళ్ళు కాసేపటికి వదులయ్యేది. అప్పుడు మెల్లగా చెయ్యి తీసేసేది. తీసేసినట్టు వాళ్ళకు తెలిసేదే కాదు. బస్సు కండక్టరు ఒకామె అలా తేలుతూ తేలుతూ నిద్రపోయిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈత దుస్తులకు సిగ్గుపడే ఆడవాళ్ళకు దర్జీయే కుట్టిచ్చేవాడు. మణికట్టు దాకా చేతులు కావాలంటే మణికట్టు దాకా, మడమ దాకా కావాలంటే మడమ దాకా. కాని ఆయన మాత్రం ఆ అరిచిన రోజు తర్వాత నీళ్ళలో కాలు పెట్టలేదు. "ఇంటికొకరు మునిగితే చాలు," అనేవాడు.

అలా ఏళ్ళు గడిచాయి. ఒక ఏడు వానలు బాగా ముదిరాయి. చెరువు నిండి, మిగులు నీళ్ళు పోయే అలుగు చాలక, నీళ్ళు కట్ట పైఅంచును దాదాపు తాకాయి. రెండు రోజులుండి దిగిపోయాయి. జనం గొడుగులేసుకుని వచ్చి, ఎంత అందంగా ఉందోనని చూసి వెళ్ళారు. చేపక్క కూడా అలాగే చూసింది.

వానలు తగ్గాక నీటిపారుదల శాఖ నుంచి ఒక ఇంజనీరు వచ్చింది. రబ్బరు బూట్లు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, మెడలో కళ్ళజోడు తాడు. మనుషులను పెట్టి కట్ట అవతలి వాలు మీద అడవిలా పెరిగిన తుప్పలు కొట్టించింది. పడవలు ఆపించింది. హంసలన్నిటినీ నీళ్ళలోంచి లాగి కట్ట మీద వరసగా నిలబెట్టారు. చేపక్క తువ్వాలు భుజాన వేసుకుని నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళింది.

"ఎన్నాళ్ళు ఆపుతారు మేడం?"

"పడవల సంగతి కాదమ్మా. నీళ్ళు మొత్తం తీసేయాలి. కట్ట కింద పాత తూము ఉంది, మిల్లుకు నీళ్ళు పోయిన దారి. దాన్ని తవ్వి చూడాలి. బాగు చేయొచ్చా, కట్టే తీసేయాలా అన్నది అప్పుడుగాని తేలదు."

"తీసేయడమేంటి?" చేపక్క గొంతు పెరిగింది. "నా కళ్ళముందు ఎన్ని వానలు చూసిందో తెలుసా ఈ కట్ట? ఇంత కూడా కదల్లేదు."

"కదిలేదాకా కదలదు లెండి," అంది ఇంజనీరు, ఎగతాళిగా కాదు, మామూలుగా.

ఆ మాట చేపక్కకు ఒంటినిండా కారం రాసినట్టయింది. ఇంటికెళ్ళి తువ్వాలు విసిరికొట్టింది. "నిన్నగాక మొన్న వచ్చింది. చెరువు ఖాళీ చేస్తుందట, చెరువు!" అంటూ గదంతా తిరిగింది. దర్జీ మిషను ఆపి విన్నాడు. "అన్నం తిని కోప్పడు," అన్నాడు చివరికి.

కోపంతో పాటు ఆమెకు కాళ్ళు కూడా వచ్చాయి. పడవల కాంట్రాక్టరును కలిసింది. పెద్ద మీసాలతో, ప్రతి మాటకూ తొడ చరుచుకునే మనిషి. పొద్దున్నే నడకకొచ్చే పెద్దవాళ్ళను పోగుచేసింది. చెరువు ఖాళీ చేయొద్దని ఒక అర్జీ రాయించి, సంతకాల కోసం ఇల్లిల్లూ ఎక్కి దిగింది. ఎక్కడికెళ్ళినా నెత్తిన పెట్టుకున్నారు. సగం ఊరికి ఈత నేర్పిన మనిషాయె, కాదనేదెవరు? కొందరైతే ఆ కాగితంలో ఏం రాసి ఉందో చూడకుండానే పెన్ను అడిగారు.

అన్ని వీధులూ అయ్యాక కట్ట దిగువ వీధి మిగిలింది. మిల్లు కూలీల కోసం కట్టిన పాత ఇళ్ళు అవి. చెరువు నుంచి చూస్తే పిలిస్తే పలికేంత దూరమే అయినా, దారి మాత్రం గుట్ట చుట్టూ తిరిగి వెళ్తుంది. అందుకో మరెందుకో, చేపక్క అన్నేళ్ళలో ఆ వీధికి వెళ్ళిందే లేదు. కట్ట మీద రోజూ నడిచేది గాని, చూపెప్పుడూ నీళ్ళ వైపే.

వీధి చివరి ఇల్లు ఇస్త్రీ చేసే ఒకామెది. వాకిట్లో బల్ల, బల్ల మీద దుప్పటి, వేడి బట్టల వాసన. చేపక్కను చూడగానే ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కుర్చీ తుడిచింది.

"రండక్కా రండి! మా అమ్మాయికి ఈత నేర్పింది మీరే కదా. ఇంట్లో కూడా మంచం మీద పడుకుని చేతులాడిస్తుంది."

చేపక్క వచ్చిన పని చెప్పింది. ఆమె చేతులు గౌనుకు తుడుచుకుని కాగితం అందుకుంది. "ఎక్కడ పెట్టాలక్కా?"

"చదువుకో ముందు."

"మీరు చెప్పాక చదవడమెందుకు? మీరు మాకు చెడు చెప్తారా?"

చేపక్క కాగితం వెనక్కి తీసుకుంది. "కాసిని మంచినీళ్ళివ్వు," అంది.

"పెరట్లోకి రండి, అక్కడ చల్లగా ఉంటుంది."

పెరడు నిజంగానే చల్లగా ఉంది. ఎండాకాలం ముంగిట్లో కూడా నేల తడిగా, పాదులన్నీ పచ్చగా ఉన్నాయి. ఇస్త్రీ ఆమె మురిసిపోతూ చూపించింది. "నేను నీళ్ళే పొయ్యనక్కా. కట్ట అడుగున ఊట ఉంది. మా అత్త కాపురానికొచ్చినప్పటి నుంచీ ఉందట. ఈ మధ్యే కాస్త మట్టి రంగు తిరిగింది. ఆ ఇంజనీరమ్మ వచ్చి సీసాలో పట్టుకెళ్ళింది."

చేపక్క తల ఎత్తింది.

పెరటి గోడ వెనకే కట్ట లేచి ఉంది. తుప్పలు కొట్టేశారు కాబట్టి మొత్తం కనిపిస్తోంది. ఇంటి మీద ఇల్లు, దాని మీద ఇంకో ఇల్లు పెట్టినా అందనంత ఎత్తు. నీళ్ళ వైపు నుంచి ఆమెకు తెలిసిన కట్ట వేరు. ఈత ఆపి చెయ్యి చాపితే అందే రాళ్ళు, తువ్వాలు ఆరేసుకునే గోడ, అంతే. ఇక్కడి నుంచి చూస్తే ఆకాశం కట్ట మీద నుంచే మొదలైనట్టుంది. పైన, ఆ అంచున, హంస పడవలు వరసగా మెడలు చాచి ఇళ్ళ కప్పుల్లోకి తొంగి చూస్తున్నాయి.

అవి నిలబడ్డ చోటికి కాస్త కిందే నీళ్ళు మొదలవుతాయి. ఆ లెక్కన తాను రోజూ ఈదేది ఈ ఇంటికి ఎంతో పైన. వెల్లకిలా తేలుతూ ఆకాశం చూసుకుంటున్నప్పుడు, తన వీపు కింద ఈ వీధంతా ఉంది. ఇస్త్రీ ఆమె నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. చేపక్క పెరటి మెట్టు మీద కూర్చుంది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు. ఎండ." నీళ్ళు తాగింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "సంతకం తర్వాత చూద్దాంలే."

ఆ సాయంత్రమే ఆమె ఇంజనీరు గదికి వెళ్ళింది. పాత పంపుహౌసులో ఒక బల్ల, రెండు కుర్చీలు, కిటికీలో వరసగా గాజు సీసాలు. ఇంజనీరు ఆమెను చూసి గొడవకే వచ్చిందనుకుని లేచి నిలబడింది.

"కూర్చోండి మేడం, పోట్లాడ్డానికి రాలేదు," అంది చేపక్క. "నాకు అర్థమయ్యేలా చెప్పండి. ఆ ఊట ఎప్పట్నుంచో ఉందంట కదా. మరిప్పుడెందుకు భయం?"

ఇంజనీరు రెండు సీసాలు తీసి వెలుతురుకు ఎదురుగా పెట్టింది. ఒకదాంట్లో నీళ్ళు తేటగా ఉన్నాయి. రెండోదాంట్లో అడుగున సన్నటి మన్ను పేరుకుంది.

"తడి ఉండటం తప్పు కాదమ్మా. మట్టికట్ట అన్నాక కాస్తో కూస్తో ఊరుతుంది. తేట నీళ్ళొస్తే నాకూ నిద్ర పడుతుంది. ఇదిగో, ఇలా మన్నుతో వస్తే కట్ట లోపల్నుంచి కొంచెం కొంచెం బయటికి పోతోందన్నమాట. ఆ తూము ఎక్కడో విరిగిందని నా అనుమానం."

"అయితే కూలుతుందా?"

"తెలీదు."

"ఇంజనీరు మీరు, మీకే తెలీదా?"

"తెలీదు. పదేళ్ళు నిలబడొచ్చు. వచ్చే వానకే పోవచ్చు. మట్టి లోపల ఏముందో తవ్వకుండా ఎవరు చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా సరే. మొన్నటి వానలో నీళ్ళు అంచు దాకా వచ్చినప్పుడే నన్ను మొదటిసారి ఇక్కడికి పంపారు. ఆ రెండు రోజులూ నేను ఇంటికి పోలేదమ్మా. ఆ వీధిలోనే ఒక అరుగు మీద కూర్చున్నాను."

చేపక్క ఆ మన్ను సీసాను తన వైపుకు జరుపుకుంది. "నేను గొడుగేసుకుని చూడ్డానికొచ్చాను," అంది.

బడి హాల్లో మీటింగు పెట్టిన రోజున జనం కిటికీల్లో కూడా నిండిపోయారు. పడవల కాంట్రాక్టరు తొడ చరిచి, "ఇక చేపక్క మాట్లాడతారు, వినండి!" అన్నాడు. చప్పట్లు మోగాయి. చేపక్క లేచింది. నీళ్ళలో ఎంతమందికైనా పాఠం చెప్పే మనిషి, అక్కడ ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"నేను ఎవరినైనా నీళ్ళలో దించే ముందు అక్కడ లోతెంతో చూసుకుంటాను," అంది. "తెలీని చోట దించను. వాళ్ళు నన్ను నమ్మి చెయ్యి వదిలేస్తారు కాబట్టి. కట్ట కింది వీధి వాళ్ళు కూడా నన్ను నమ్మి సంతకం పెట్టబోయారు. ఆ కట్ట లోపల ఏముందో నాకు తెలీదు. మీకూ తెలీదు. నీళ్ళు తీసి చూడనిద్దాం."

హాల్లో గోల మొదలైంది. "ఇదేంటి, ఇలా ప్లేటు ఫిరాయించింది!" అన్నారెవరో. కాంట్రాక్టరు మొహం కందగడ్డలా అయింది. "మమ్మల్ని నడిరోడ్డు మీద నిలబెట్టావ్, చేపక్కా," అన్నాడు. అప్పటిదాకా అండీ లేకుండా ఆమెతో మాట్లాడని మనిషి.

గోల తగ్గాక చేపక్క ఇంజనీరు వైపు తిరిగింది. "ఒక్కటే అడుగుతున్నా మేడం. బాగు చేయడానికి వీలుంటే మాత్రం తీసేయకండి. కొన్ని నీళ్ళైనా మాకు మిగల్చండి."

"ప్రయత్నిస్తాను. మాట ఇవ్వలేను," అంది ఇంజనీరు. ఆ జవాబుకు చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ లేరు.

నీళ్ళు ఉన్నపళంగా పోలేదు. ఒక్కసారి తీస్తే తడిసిన కట్ట జారుతుందని, పెద్ద పెద్ద గొట్టాలు వేసి, రోజుకింత చొప్పున దించారు. చేపలను వలలతో పట్టి దిగువ వాగులోకి వదిలారు. చేపక్క రోజూ వచ్చి బెంచీ మీద కూర్చునేది. నడకకొచ్చే పాత స్నేహితులు ఆమెను చూసి బాట మార్చేవారు. ఇంట్లో కూడా మాట తగ్గించేసింది. దర్జీ రెండుసార్లు పలకరిస్తే ఒకసారి పలికేది.

నీళ్ళు పూర్తిగా పోయి బురద ఎండి పగుళ్ళిచ్చాక, ఒక సాయంత్రం ఆయన దుకాణం త్వరగా మూసి వచ్చాడు. "పద, అలా వెళ్దాం," అంటూ చెప్పులతోనే చెరువులోకి దిగాడు. ఆమె వెనకే నడిచింది. ఒంటరి చెప్పులు, ఒక కళ్ళజోడు, తుప్పు పట్టిన సైకిలు చక్రం దాటుకుంటూ మధ్య దాకా వెళ్ళి ఆయన ఆగాడు. చుట్టూ చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"చూశావా, నేనూ పడవ లేకుండా చెరువు మధ్యకొచ్చాను."

అన్ని వారాల్లో మొదటిసారి ఆమె నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. ఆయన మెడలోని కొలతల టేపు తీసి జేబులో పెట్టుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చీకటి పడకముందే ఇద్దరూ గట్టెక్కారు.

తూము తవ్విన రోజు ఇంజనీరు కబురు పంపింది. కట్ట కడుపులో పాత ఇటుక గొట్టం విరిగి ఉంది. విరిగిన చోట చుట్టూ మన్ను కొట్టుకుపోయి, మనిషి గొంతుక్కూర్చోగలిగేంత గుహ తయారైంది. ఆ గుహ మీదే కట్ట బరువంతా, దాని మీద ఊరంతా నడిచిన బాట. చూడాలనుకున్నవాళ్ళందరినీ రానిచ్చారు. పడవల కాంట్రాక్టరు కూడా వచ్చాడు. లోపలికి ఒకసారి టార్చి వేసి చూసి, టార్చి పక్కవాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఆయన దర్జీ దుకాణానికి ఒక ప్యాంటు పట్టుకొచ్చాడు. "నడుం దగ్గర వదులు చేయాలి," అన్నాడు. దర్జీ కొలిచి చూస్తే అది ఇప్పటికే వదులు. సంగతి అర్థమై, "టీ తాగి వెళ్ళండి," అన్నాడు. లోపల్నుంచి చేపక్క టీ తెచ్చిచ్చింది. కాంట్రాక్టరు సగం దాకా తాగి, "ఆ సెలవు రోజుల్లో కట్ట మీద ఎంతమంది ఉండేవారో కదండీ," అన్నాడు. "ఉండేవారు," అంది చేపక్క. ఆ తర్వాత ఆయన ఎక్కడ కనిపించినా ముందే పలకరించేవాడు.

పని రెండేళ్ళకు పైగా నడిచింది. ఆ కాలం చేపక్కకు మంచి కాలమని చెప్పలేం. పక్క ఊరి క్లబ్బులో గచ్చు కొలను ఉంటే బస్సెక్కి వెళ్ళి నేర్పేది. నీళ్ళలో కలిపే మందు వాసనకు కళ్ళు మండేవి. ఒక పక్క నుంచి తోసుకుంటే రెండో గోడ వచ్చేసేది. "దీన్ని ఈత అనరు, పచార్లు చేయడం అంటారు," అని విసుక్కునేది. భుజం నొప్పి మొదలైంది. ఇక మానేద్దామా అని కూడా ఒకసారి భర్తను అడిగింది. "మానేస్తే నువ్వు నాకు చొక్కాల కాజాలు కుట్టిపెట్టాల్సొస్తుంది, ఆలోచించుకో," అన్నాడాయన. మర్నాడు మళ్ళీ బస్సెక్కింది.

కట్టను తీసేయలేదు. పాత గుహను పూడ్చి, కొత్త తూము వేసి, అవతలి వాలును రాళ్ళతో బలపరిచి, అలుగును మూడింతలు వెడల్పు చేశారు. అయితే అలుగును కిందికి దించారు కాబట్టి నీళ్ళు పాత మట్టానికి ఇక రావు. చెరువు చిన్నదైపోయింది. పాత మెట్లు నీళ్ళకు చాలా పైన గాలిలో ఆగిపోయాయి. ముసలాయన ఆమెకు నేర్పిన చోట ఇప్పుడు గడ్డి మొలిచింది. మొదటి రోజు దిగినప్పుడు చేపక్క ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి, అప్పుడే అయిపోయిందా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. తర్వాత వెల్లకిలా తిరిగి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆమె దగ్గర చేరేవాళ్ళకు మొదటి పాఠం నీళ్ళలో మొదలు కాదు. పొద్దున్నే అందరినీ గుట్ట చుట్టూ తిప్పి కట్ట దిగువ వీధిలోకి తీసుకెళ్తుంది. అక్కడ కట్ట అడుగున కొత్తగా కట్టిన చిన్న కాలువ దగ్గర ఆగి, వంగి, ఊట నీళ్ళు దోసిట్లోకి తీసుకుని చూస్తుంది. ఇళ్ళవాళ్ళను పలకరిస్తుంది.

మొన్న కొత్తగా చేరిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన, భుజాన తువ్వాలుతో ఆ చుట్టుదారి నడిచి నడిచి ఆయాసపడ్డాడు. "ఈత నేర్పమంటే వీధులు తిప్పుతున్నారేంటక్కా?" అన్నాడు.

"అలా పైకి చూడండి," అంది ఆమె.

ఆయన తలెత్తి చూశాడు. "నీళ్ళు అంత ఎత్తులో ఉంటాయా?" అన్నాడు మెల్లగా.

"ఇంతకుముందు ఇంకా ఎత్తులో ఉండేవి," అంది చేపక్క. చేతులు దులుపుకుని, ఎండెక్కుతోంది త్వరగా పదండంటూ అందరికంటే ముందు నడిచింది.